లిస్టింగ్ పెట్టి వదిలేస్తే కాదు: ఆన్‌లైన్‌లో చీరలు, నూనెలు అమ్మేవాళ్లు చూసుకోవాల్సినవి

అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో మీషోలోనో మీ పేరు మీద ఒక లిస్టింగ్ (సరుకు పేరు, ఫొటోలు, ధర, వివరణ ఉండే పేజీ) ఉందంటే, అందులో రాసిన ప్రతి మాటకూ జవాబు చెప్పాల్సింది మీరే. యాప్ వాళ్లు కాదు, ఫొటోలు తీసిన పిల్లగాడు కాదు, పైసలు తీసుకొని క్యాటలాగ్ అప్‌లోడ్ చేసిపెట్టిన ఏజెంటు అసలే కాదు. గద్వాల, పోచంపల్లి, నారాయణపేట చీరలు అమ్మేవాళ్లను అడిగినా, వనపర్తి, జడ్చర్ల వైపు పల్లీ నూనె, జొన్న రవ్వ అమ్మేవాళ్లను అడిగినా ఎక్కువగా వినపడే మాట ఒకటే: "అదంతా మా వాడు చూసుకుంటడన్నా, నాకు తెల్వదు." సరుకు గురించి పోగు పోగూ తెలిసిన మనిషి, ఆ సరుకు గురించి నెట్‌లో ఏం రాసి ఉందో ఒక్కసారి కూడా చదివి ఉండడు. రిటర్నులు, ఒక్క స్టార్ రివ్యూలు, పేమెంట్ ఆగిపోవడం, ఎక్కువ శాతం ఇక్కడి నుంచే మొదలవుతాయి.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే "యాప్‌లో ఉంది కదా, యాప్ వాళ్లే చూసుకుంటారు" అనే భ్రమ చాలామందికి ఉంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, మార్కెట్‌ప్లేస్ (చాలామంది సెల్లర్లు అమ్ముకునే అమెజాన్ లాంటి యాప్) నడిపే కంపెనీ ప్రతి సెల్లర్ దగ్గరా ఒక హామీ తీసుకోవాలి: వివరణ, ఫొటోలు, మిగతా సమాచారమంతా సరుకు రూపానికీ నాణ్యతకూ వాడకానికీ నేరుగా సరిపోతుందని. మీరు రిజిస్టర్ అయిన రోజు చదవకుండా టిక్కు కొట్టిన షరతుల్లో అది ఉండే ఉంటుంది. ఇక సెల్లర్ల గురించి అవే నిబంధనలు ఇంకా సూటిగా చెబుతాయి: లిస్టింగ్‌లో చూపించిన గుణాలు సరుకులో లేకపోతే వెనక్కి తీసుకోనని, డబ్బులు తిరిగి ఇవ్వనని అనడానికి లేదు. కంపెనీ మధ్యవర్తిగా తన జాగ్రత్తలు తాను తీసుకుంటే ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ దానికి చాలావరకు రక్షణ ఇస్తుంది. మీకు అలాంటిది ఏదీ లేదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్నవాళ్లు తమ ఊళ్లోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. పుణెలో ఉన్నావిడ మీ చీర నచ్చక పుణెలోనే కేసు వేస్తే, గద్వాలలో ఉన్న మీరు అక్కడికి జవాబు చెప్పుకోవాలి. నాలుగు వేల చీరకు ఈ టెన్షన్ ఎందుకు?

సరే, పనిలోకి వద్దాం. మొదట చేయాల్సింది, మీ సెల్లర్ లాగిన్ పక్కనపెట్టి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకొని, కొనేవాళ్లలా మీ సరుకు వెతికి తెరవడం. సెల్లర్ ప్యానెల్‌లో కనిపించేదీ కొనేవాళ్లకు కనిపించేదీ ఒకటి కాదు. ప్యానెల్‌లో మీరు సరిచేసిన మాట బయట ఇంకా పాతదే ఉండొచ్చు, మీరు రాయని మాట కూడా అక్కడ ఉండొచ్చు. సరుకును ముందర పెట్టుకోండి. ఇంట్లో పిల్లలెవరైనా ఉంటే లిస్టింగ్‌ను పై నుంచి కింది దాకా గట్టిగా చదవమనండి, మీరు చేతిలో ఉన్న సరుకును చూస్తూ వినండి. "ప్యూర్ సిల్క్" అని వాళ్లు చదవగానే మీ చేతిలో ఉన్నది సికో (పట్టు, కాటన్ కలిపి నేసింది) అయితే అక్కడే ఆపండి. పెన్నుతో రాసుకోండి. ఒక్కో లిస్టింగ్‌కు పావుగంట పడుతుంది, విసుగ్గానే ఉంటుంది, కానీ దీనికి దగ్గరిదారి లేదు.

చీరల విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, గొడవలన్నీ అక్కడే.

టైటిల్‌లో మొదట పెట్టాల్సింది పోగు ఏమిటన్నది. గద్వాల చీర అంటే అసలు పద్ధతిలో బాడీ కాటన్, అంచూ కొంగూ పట్టు. విడివిడిగా నేసే రెండింటినీ మగ్గం మీదే కలిపే పని అది. ఇప్పుడు ఫుల్ పట్టు గద్వాలలు వస్తున్నాయి, సికో వస్తున్నాయి, మూడింటికీ ధరలో చాలా తేడా. ఏజెంటు మాత్రం మూడింటికీ ఒకటే టైటిల్ కొడతాడు, "గద్వాల ప్యూర్ సిల్క్ హ్యాండ్లూమ్ వెడ్డింగ్ శారీ" అని, ఎందుకంటే జనం ఆ మాటలతోనే వెతుకుతారని వాడి లెక్క. వెతుకుతారు, నిజమే, కొంటారు కూడా, ఇంటికొచ్చాక ఒక పోగు తీసి కాల్చి చూస్తారు. కాటన్ పోగు కాలితే కాగితం వాసన, పట్టు కాలితే వెంట్రుకల వాసన వస్తుందని పెద్దవాళ్లున్న ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వీడియో మీ రివ్యూల కింద చేరితే పండగ సీజన్ అంతా పోయినట్టే. "బాడీ కాటన్, అంచు కొంగు పట్టు" అని టైటిల్‌లోనే రాసేయండి. దాని కోసమే వెతికేవాళ్లు ఉన్నారు, మన ఎండలకు ఫుల్ పట్టు కంటే అదే హాయి.

జరీ కూడా అంతే. వాడింది టెస్టెడ్ జరీనా, హాఫ్ ఫైనా (రెండూ అసలు బంగారు జరీ కంటే చవక రకాలే) అన్నది మీకు తెలుసు, నేయించింది మీరే కాబట్టి. తెలియకపోతే మాస్టర్ వీవర్‌ను అడిగి రాయండి. "గోల్డ్ జరీ" అని రాస్తే బంగారు రంగు అని మీ ఉద్దేశం కావచ్చు, కొనేవాళ్లు అలా అనుకోరు.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతానికే చెందిన సరుకు అనే గుర్తింపు) వచ్చింది, గద్వాలకు 2010లో, పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో. నారాయణపేట చీరలకూ ఉంది. ఈ పేర్లు ఎవరు పడితే వాళ్లు వాడుకునేవి కావు. సూరత్ నుంచి వచ్చిన ప్రింటు చీర మీద పోచంపల్లి అని రాసి అమ్మడం కేవలం తప్పుడు వివరణ కాదు, 1999 నాటి జీఐ చట్టం కింద నేరం. మీరు ప్రింటు చీరలు కూడా అమ్ముతుంటే అమ్మండి, అందులో తప్పేం లేదు, కానీ "ఇక్కత్ ప్రింట్" అని స్పష్టంగా రాసి, చేనేత అనే మాటా ఊరి పేరూ తీసేయండి. "పోచంపల్లి స్టైల్" అని పెడితే సరిపోతుందనుకునేవాళ్లున్నారు. అది కూడా వద్దు, కొనేవాళ్ల కళ్లు "పోచంపల్లి" దగ్గరే ఆగిపోతాయి.

అసలు ఇక్కత్ అమ్మేవాళ్లు ఒక పని తప్పకుండా చేయండి. చీరను కిటికీ పక్కన మంచం మీద పరిచి, కొంగు చివర ఒక మూల తిప్పి, ముందువైపూ వెనకవైపూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. నూలును ముందే కట్టి రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా తేలుతుంది. ప్రింటుకు వెనక పాలిపోయి ఉంటుంది. ఆ ఒక్క ఫొటో మీరు రాసే పది వాక్యాల కంటే ఎక్కువ చెబుతుంది. అలాగే ఇక్కత్‌లో డిజైన్ గీతలు కత్తిరించినట్టు ఉండవు, అంచుల్లో కాస్త చెదిరినట్టు, పోగు పక్కకు జరిగినట్టు ఉంటుంది. మనకు అది అందం. ఎక్కడో చండీగఢ్‌లో మొదటిసారి కొన్నావిడకు అది డ్యామేజీ. "డిజైన్ బ్లర్ అయింది" అని రిటర్న్ పెడుతుంది. దగ్గర నుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టి, ఇది ఈ నేత స్వభావం అని ఒక ముక్క రాస్తే ఆ రిటర్నుల్లో చాలావరకు ఆగిపోతాయి. సరిగ్గా రాయడం అంటే అబద్ధం రాయకపోవడం ఒక్కటే కాదు, తెలియనివాళ్లకు తప్పుగా కనిపించేదాన్ని ముందే చెప్పడం కూడా.

రంగుల తలనొప్పి వేరే. ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీస్తే నెమలికంఠం నీలం అయిపోతుంది, వంకాయ రంగు నలుపు అయిపోతుంది, ఎరుపు ఏ రంగు అవుతుందో చెప్పలేం. పొద్దున పదిలోపు, నేరు ఎండ పడని చోట, ఫోన్‌లో బ్యూటీ మోడ్, ఫిల్టర్లు అన్నీ ఆపేసి తీయండి. తీశాక ఇంకో రెండు ఫోన్లలో చూడండి. అప్పటికీ తేడా ఉంటే రంగు పేరు మాటల్లో రాయండి. వేరే కంపెనీ మోడల్ ఫొటోకు మీ చీర అతికించే యాప్‌లు వచ్చాయి ఇప్పుడు, చూడ్డానికి బాగుంటాయి కానీ అంచు వెడల్పూ బుటా సైజూ మార్చేస్తాయి. ఒకవేళ వాడినా మొదటి ఫొటోగా అసలు చీరే ఉండాలి.

పొడవు కొలిచి రాయండి. ఐదున్నర మీటర్ల చీర, ఎనభై సెంటీమీటర్ల బ్లౌజ్ పీస్ అని అన్ని లిస్టింగుల్లోనూ అలవాటుగా ఉంటుంది, మీ మగ్గం నుంచి దిగింది అంత ఉందా అని టేపు పెట్టి చూశారా? కాటన్ అయితే మొదటి ఉతుకుకు కొంచెం కుంచించుకుపోతుందని కూడా చెప్పాలి. బ్లౌజ్ పీస్ లేని చీరకు "విత్ బ్లౌజ్" అని ఉన్న లిస్టింగులు చాలా చూశాను, పాత లిస్టింగ్ కాపీ కొట్టి కొత్తది చేసినప్పుడు ఆ గడి మార్చడం మర్చిపోతారు.

తినే సరుకుల్లో లెక్కలు ఇంకా కచ్చితం. ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలు, అంటే తయారీదారు లేదా ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, సరుకు పేరు, నికర పరిమాణం, అన్ని పన్నులతో ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ నంబరు, ఇవి 2018 జనవరి 1 నుంచి లిస్టింగ్‌లో కూడా కనిపించాలి. మార్కెట్‌ప్లేస్‌లో అయితే ఆ వివరాలు సరైనవా కాదా అన్న బాధ్యత తయారీదారుది లేదా సెల్లర్‌ది అని తూనికలు కొలతల నిబంధనల్లోనే ఉంది. ఇక్కడ మన దగ్గర జరిగే మామూలు పొరపాటు ఒకటి చెబుతాను. గానుగ నూనె సీసా తక్కెడ మీద పెట్టి, సీసా బరువు తీసేస్తే, ఒక లీటరు పల్లీ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. టైటిల్‌లో "1 కేజీ" అని, సీసా మీద "1 లీటర్" అని ఉంటే ఆ తొంభై గ్రాముల మోసం మీ ఖాతాలో పడుతుంది, మీకు మోసం చేసే ఉద్దేశం లేకపోయినా. లేబుల్ మీద ఏముందో అదే టైటిల్‌లో ఉండాలి, అదే ఫొటోలో ఉండాలి.

చిరునామా కూడా చూడండి. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట జిల్లా అయింది, అయినా యాదాద్రి భువనగిరి జిల్లాలో ప్యాక్ అయ్యే సరుకు మీద "నల్లగొండ జిల్లా" అని, వనపర్తి సరుకు మీద "మహబూబ్‌నగర్ జిల్లా" అని ఇప్పటికీ కనిపిస్తుంటుంది. ఫుడ్ లైసెన్సులో ఒకటి, జీఎస్టీలో ఒకటి, లిస్టింగ్‌లో ఒకటి ఉంటే వెరిఫికేషన్ వచ్చిన రోజు తిప్పలు పడతారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, అంటే ఆ ఫుడ్ లైసెన్సు నంబరు, పద్నాలుగు అంకెలు, అది ఇంకా చెల్లుతుందో లేదో కూడా చూసుకోండి.

"షుగర్ తగ్గిస్తుంది", "గుండెకు మందు" లాంటి మాటలు జొన్న రవ్వకూ కొర్రలకూ నూనెకూ ఏజెంట్లు ఇష్టం వచ్చినట్టు తగిలిస్తున్నారు. ఆహారం జబ్బును నయం చేస్తుందని రాయకూడదు, 2018 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. "ఆర్గానిక్" అని కూడా మందు కొట్టలేదు కదా అని రాసేయకండి, ఆన్‌లైన్‌లో అమ్మాలంటే సేంద్రియ సరుకుకు ఇచ్చే ఎన్‌పీవోపీ లేదా పీజీఎస్-ఇండియా సర్టిఫికెట్ ఉండాలి. లేనప్పుడు "గానుగలో ఆడించింది, మా ఊరి పల్లీలతో" అని ఉన్నదున్నట్టు రాస్తే చాలదా? ఇంక గడువు: డెలివరీ అయ్యేటప్పటికి మొత్తం నిల్వ కాలంలో కనీసం 30 శాతం, లేదంటే ఎక్స్‌పైరీకి 45 రోజులు మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ-కామర్స్ కంపెనీలకు చెప్పింది. పాత స్టాకు అడుగున ఉంటే దాన్ని ఆన్‌లైన్ లెక్కలోంచి తీసేయండి, దుకాణంలో అమ్ముకోండి.

ధర విషయంలో చిన్న చిన్న తెలివితేటలు వద్దు. ఎంఆర్‌పీ తొమ్మిది వేలు అని కొట్టేసి పక్కన రెండున్నర వేలు చూపించడం, ఆ చీర ఎప్పుడూ ఎవరికీ తొమ్మిది వేలకు అమ్మకపోవడం, దీన్ని తప్పుదోవ పట్టించే ప్రకటన అంటారు. "ఒక్కటే పీస్ మిగిలింది, త్వరపడండి" అని రాసి ఇంట్లో నలభై పీసులు పెట్టుకోవడం కూడా అంతే. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో తప్పుడు తొందర పెట్టడం అనేది మొదట్లోనే ఉంది, అవి యాప్‌లకే కాదు సెల్లర్లకూ వర్తిస్తాయి. పన్ను రేట్లు మారినప్పుడు కూడా లిస్టింగ్ ముట్టుకోవాలి. 2025 సెప్టెంబర్ 22న నెయ్యి, ప్యాక్ చేసిన నమ్‌కీన్ లాంటివి 12 శాతం నుంచి 5కు దిగాయి, ఆ రోజు తర్వాత కూడా పాత పన్ను గడి అలాగే వదిలేసినవాళ్ల బిల్లులన్నీ తప్పే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్మేవాళ్లు 2023 అక్టోబర్ 1 నుంచి వచ్చిన వెసులుబాటులో ఉన్నారు, వాళ్లు రాష్ట్రం లోపలే అమ్మాలి, కాబట్టి మీరు అలా అమ్ముతుంటే డెలివరీ ప్రాంతం తెలంగాణ వరకే ఉందా అని చూసుకోండి.

స్టాకు. ఒకే చీర వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాలో, రెండు యాప్‌లలో, పైగా దుకాణం అద్దాల వెనక కూడా ఉంటుంది. సద్దుల బతుకమ్మ ముందు రోజు దుకాణానికి వచ్చినావిడ కొనుక్కొని వెళ్లిపోతుంది, అదే సాయంత్రం యాప్‌లో ఆర్డర్ పడుతుంది. క్యాన్సిల్ కొడితే సరిపోతుందిలే అనుకోకండి. అమెజాన్‌లో అయితే పంపకముందే సెల్లర్ రద్దు చేసే ఆర్డర్లు 2.5 శాతం లోపు, లోపాలున్న ఆర్డర్ల రేటు 1 శాతం లోపు ఉండాలి. నెలకు ముప్ఫై ఆర్డర్లు వచ్చే చిన్న సెల్లర్‌కు ఒక్క క్యాన్సిల్ చాలు ఆ గీత దాటడానికి. మగ్గం చీరలు ఒక్కొక్కటే ఉంటాయి కాబట్టి, ఆన్‌లైన్‌లో పెట్టిన పీసును దుకాణం నుంచి తీసి వేరే బీరువాలో పెట్టడమే నాకు తెలిసినంతలో పనికొచ్చే పద్ధతి. సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ కౌంటర్ దగ్గర అమ్మిన వెంటనే అందులో కొట్టేవాళ్లు ఉండాలి కదా. పెళ్లికో జాతరకో ఊరెళ్తుంటే హాలిడే మోడ్ పెట్టండి.

పార్సిల్ కొలతలు కూడా లిస్టింగ్‌లో భాగమే. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి, అలా వచ్చిన బరువు అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జీ వేస్తాయి. 40, 30, 6 అయితే 1.44 కేజీలు, లోపల చీర ముప్పావు కేజీయే ఉన్నా సరే. పెట్టె మార్చినప్పుడల్లా ఇది మార్చాలి.

కొన్ని యాప్‌లలో ఒకే సరుకు లిస్టింగ్‌ను పదిమంది సెల్లర్లు పంచుకుంటారు. అక్కడ ఇంకొకరు వివరణ మార్చితే మీ సరుకు కిందా అదే కనిపిస్తుంది. అందుకని వారానికోసారైనా తెరిచి చూడాలి, తేడా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి సెల్లర్ సపోర్ట్‌కు టికెట్ పెట్టాలి. సరిచేసేదాకా మీ స్టాకును సున్నా చేయండి. ఇంకో దొంగదారి గురించి కూడా చెప్పాలి: మంచి రివ్యూలున్న పాత లిస్టింగ్‌లో సరుకు మార్చేసి కొత్తది పెట్టడం. నారాయణపేట కాటన్ చీరకు వచ్చిన రివ్యూల కింద పాలిస్టర్ చీర అమ్మితే, ఆ రివ్యూలు రాసినవాళ్ల నోటితో మీరు అబద్ధం చెప్పిస్తున్నట్టు లెక్క. మీ బావమరిదితో రివ్యూలు రాయించుకోవడం కూడా నిబంధనల్లో నిషేధమే.

ఏజెంటు లేకుండా పని నడవదు, ఒప్పుకుంటాను, అందరికీ కంప్యూటర్ ముందు కూర్చునే టైం ఉండదు. కానీ వాడికి మెయిన్ పాస్‌వర్డ్ ఇవ్వకండి, చాలా ప్యానెళ్లలో వేరే యూజర్‌ను చేర్చుకునే వీలుంటుంది. సరుకు వివరాలు నోటితో చెప్పకండి. పోగు, జరీ, పొడవు, రంగు, బ్లౌజ్ ఉందా లేదా, బరువు, ధర, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. అప్‌లోడ్ అయ్యాక ఆ కాగితం పక్కన పెట్టుకొని లిస్టింగ్ చదివాకే డబ్బులివ్వండి. రేపు గొడవైతే ఏది ఎవరు రాశారో మీ దగ్గర ఉంటుంది.

ఇన్ని చేసినా ఫిర్యాదు రావొచ్చు. మీరు పెట్టిన ఫిర్యాదుల అధికారి, చిన్న వ్యాపారంలో అది మీరే, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కొన్నవాళ్లు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసేదాకా తెచ్చుకోకండి. "అక్కా, ఫొటో ఒకసారి పంపండి, నేను లిస్టింగ్‌తో పోల్చి చూస్తాను" అని మర్యాదగా అడగండి, మీరు పంపేటప్పుడు ప్యాకింగ్ వీడియో తీసి ఉంటే అదీ చూసుకోండి. తప్పు లిస్టింగ్‌ది అయితే వాదించకుండా వెనక్కి తీసుకోండి. చాలామంది ఇక్కడ వెంటనే వేరే పీసు ప్యాక్ చేసి పంపేస్తారు, లిస్టింగ్ మాత్రం అలాగే ఉంటుంది, మర్నాడు ఇంకొకరు అదే చూసి కొంటారు. ముందు ఉన్నదాన్ని స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి, తప్పు సరిచేయండి, వేరే ఫోన్‌లో తెరిచి మారిందో లేదో చూడండి, అదే తప్పు మీ మిగతా యాప్‌లలో కూడా ఉంటే అక్కడా మార్చండి. ఆ తర్వాత కొరియర్ వాళ్లకు ఫోన్ చేయండి.